కారుకు అవతలి పక్క

మా అమ్మాయి గదికి రంగు వేస్తున్నాం. కిటికీ చెక్కలకు పెయింట్ అంటకుండా నీలం టేపు అంటించాలని మా ఆయన శ్రీకాంత్ చుట్ట పట్టుకుని ఒక్క లాగు లాగాడు. జర్రుమని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ఇంటిది కాదు. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్ జిమ్‌ది, అంటే పిల్లలు ఆడుకునే హాలుది. ఎన్నికల రోజున అక్కడ ఓటర్లు ఎటు నడవాలో చూపిస్తూ నేల మీద నీలం టేపుతో బాణాలు వేసేవాళ్ళం. పక్కనే కత్తెర ఉన్నా సరే, సుగుణ ఆంటీ టేపును పంటితో కొరికి తెంపేవారు. ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబ్‌లో పనిచేసిన మనిషి, నోట్లో ఏదీ పెట్టకూడదని కుర్రకారుకు పాఠాలు చెప్పిన మనిషి, టేపు దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్ల అయిపోయేవారు. ఆ సంగతి తలుచుకుంటే నవ్వు రావాలి. నాకు ముందు భయం వస్తుంది, నవ్వు తరవాత వస్తుంది. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ పూర్తి పేరు మేరీ సుగుణ. బాపట్ల వైపు మనిషి. కెమిస్ట్రీ చదువుకుని పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఆహారపదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో చేరి, అక్కడే రిటైరయ్యారు. భర్త పోయారు. కూతురు టెక్సస్‌లో, ప్లేనోలో ఉండేది. ఆదివారాలు తెలుగు చర్చిలో పిల్లలకు వాక్యాలు నేర్పేవారు. నేత చీర, దాని మీద రెయిన్ జాకెట్, కాళ్ళకు పరుగుపందేలవాళ్ళు వేసుకునే బూట్లు. దూరం నుంచి చూసినా ఆవిడేనని ఎవరైనా చెప్పేవారు. తరవాత అదే ఆవిడకు కీడు చేసింది.

మొదట చూసింది మా ఊరి లైబ్రరీలో. అమ్మాయిని కథల క్లాసులో కూర్చోబెట్టి బయట తిరుగుతుంటే, ఒక బల్ల మీద ఫారాలు పరుచుకుని కూర్చున్నావిడ నన్ను ఆపారు.

"తెలుగువాళ్ళేనా అమ్మాయ్? సిటిజన్‌వేనా?"

"అయిన ఆంటీ, మొన్ననే ఓత్ తీసుకున్న."

"ఓటు రిజిస్టర్ చేసుకున్నావా?"

"ఇంకా లేదు. నా ఒక్క ఓటుతోని ఏమైతది ఆంటీ?"

ఇక ఉపన్యాసం తప్పదనుకున్నాను. ఆవిడ పెన్ను నా చేతిలో పెట్టి, "ఏమీ అవదు. నింపు," అన్నారు. నింపాను. మాటల్లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌నని తెలిసి, "అంటే తప్పులు వెతకడమే నీ ఉద్యోగం. అయితే మాకు నువ్వు కావాలి," అని ఇంకో ఫారం తీశారు. అలా నేను ఎలక్షన్ ఆఫీసర్‌నయ్యాను. ఆ మాట వినగానే జీపు దిగే అధికారిని ఊహించుకునేరు. ఇక్కడ అలా కాదు. చుట్టుపక్కల ఇళ్ళలో ఉండే మామూలు మనుషులే ఒక పూట ట్రైనింగ్ తీసుకుని, ఆ ఒక్క రోజుకు పోలింగ్ నడిపిస్తారు. రిటైరైన టీచరు, ప్లంబరు, నేను, సుగుణ ఆంటీ.

నా మొదటి ఎన్నిక రోజున తెల్లవారకముందే బ్యాలెట్ల కట్ట విప్పి లెక్కపెట్టేశాను. ఆంటీ బాత్రూమ్ నుంచి వచ్చి చూసి, కట్ట మళ్ళీ సర్ది నా ముందు పెట్టారు.

"మళ్ళీ పెట్టు."

"కరెక్టుగనే ఉన్నయి ఆంటీ, నేను లెక్కపెట్టిన కదా."

"పెట్టావు. నేను చూళ్ళేదు."

"నా మీద నమ్మకం లేదా?"

"బోల్డంత ఉంది. అది ఇక్కడ పనికిరాదమ్మాయ్." కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ల్యాబ్‌లో ఒకళ్ళు తూస్తే ఒకళ్ళు చూడాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండేళ్ళ తర్వాత ఎవరో వచ్చి గొడవ చేస్తే తూచినవాడి మాట ఎవరూ వినరు. చూసినవాడు నోరు తెరవాలి."

ఆ తరవాత ఎన్ని ఎన్నికలు చేశామో, ఒక్కసారి కూడా ఆవిడ ఒంటరిగా ఒక్క కాగితం ముట్టుకోగా నేను చూడలేదు. డబ్బా కదపాలన్నా, కవరు అంటించాలన్నా "స్వప్నా, రా," అనేవారు. పెద్ద క్యూ ఉన్నా, అందరూ విసుక్కుంటున్నా సరే. నాకు లోలోపల చాదస్తం అనిపించేది. ఒకసారి సాయంత్రం పోలింగ్ ముగిసి లెక్క తేలాక, ఓడిన అభ్యర్థి తరఫున పొద్దుటినుంచీ మూల కుర్చీలో కూర్చుని పరిశీలించిన కుర్రాడు లేచి వచ్చి ఆవిడతో చెయ్యి కలిపాడు. మొహం వేలాడిపోయి ఉంది. ఆవిడ డబ్బాలోంచి జంతికలు తీసి అతని చేతిలో పోశారు. అతను వెళ్ళాక నాతో అన్నారు, "ఓడిపోయినవాడు ఇంటికెళ్ళి అన్నం తినగలగాలి. మనం ఇంత అవస్థ పడేది అందుకే. గెలిచినవాడికి మనతో పనేముంది?"

ప్రజాస్వామ్యం గురించి అంతకు మించిన మాట నేనెక్కడా వినలేదు. పదిమంది కలిసి ఒక నిర్ణయానికి రావడమంటే పదిమందీ ఒప్పుకోవడం కాదు. ఒప్పుకోనివాళ్ళు కూడా తమ కళ్ళతో చూసి, సరే కానియ్ అనుకోవడం. దానికి ఒక జిమ్ కావాలి, కుర్చీలు కావాలి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పదమూడు గంటలు ఓపిక పట్టాలి.

ఫోన్‌లో అవేవీ అక్కర్లేదు. మా చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళందరికీ ఒక గ్రూప్ ఉండేది. రాధిక అనే నా స్నేహితురాలు మొదలుపెట్టింది. మొదట్లో కరివేపాకు మొక్కలు, పిల్లల కార్‌పూల్, ఎవరింట్లోనో మిగిలిన చంటిపిల్లల క్రిబ్. ఎప్పుడు మారిందో తెలియదు, మెల్లగా ఫార్వర్డులు మొదలయ్యాయి. ఫలానా స్కూల్లో ఇలా చేస్తున్నారట, ఫలానావాళ్ళు వేల ఓట్లు వేయించారట. అన్నీ 'అట'లే. ప్రతిదాని కింద ఆంటీ ఒకే మాట రాసేవారు: "మీరు చూశారా?" అంతే, ఇంకేమీ ఉండేది కాదు. కొందరికి అది తమాషా అయిపోయింది. "ఆంటీ, మేము మా మొగుళ్ళనే సరిగ్గా చూళ్ళేదు," అని ఒకావిడ రాస్తే అందరం పడీపడీ నవ్వాం. ఆవిడా నవ్వు బొమ్మ పెట్టారు. మర్నాడు ఇంకో ఫార్వర్డు వస్తే మళ్ళీ అదే అడిగారు. నవ్వులు పోయి విసుగు మొదలైంది. ఇష్టంగా నమ్ముతున్న సంగతిని మధ్యలో ఆపి అలా అడిగితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పెద్దావిడ కదా అని మొహాన అనేవారు కాదు గానీ, ఆవిడ మీద చిరాకు పేరుకుంటోందని నాకు తెలుస్తూనే ఉండేది.

ఇక ఆ మంగళవారం. స్కూల్ బోర్డు ఎన్నిక. పొద్దుటినుంచీ తుంపర. నడవలేనివాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు కారు దిగకుండా అక్కడే ఓటు వేయవచ్చు. ఇద్దరు ఆఫీసర్లు బ్యాలెట్ తీసుకుని బయటికి వెళ్ళాలి. మధ్యాహ్నం ఒక తెలుగు పెద్దాయన వచ్చాడు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. కొడుకు కారు ఆపి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆంటీ కిటికీ దగ్గర, నేను కారుకు అవతలి పక్క గొడుగు పట్టుకుని, కిటికీలోంచి అంతా కనిపించేలా వంగి నిలబడ్డాను.

"టిక్కు పెట్టాలామ్మా, పేరు రాయాలా?" అని పెద్దాయన అడిగాడు.

బ్యాలెట్ పైభాగంలో, పేరు పక్కనున్న గడిని నింపి ఓటు ఎలా వేయాలో చూపించే బొమ్మ అచ్చువేసి ఉంటుంది. ఆంటీ దాని మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇది ఇలా పూర్తిగా నింపండి అన్నయ్యగారూ," అన్నారు. తరవాత వెనక్కి జరిగి మొహం పక్కకు తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. ఆయన తన ఓటు తాను వేసుకున్నాడు. ఆంటీ, నేను కలిసి దాన్ని లోపలికి తీసుకెళ్ళి మెషీన్‌లో పెట్టాం. కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం.

పార్కింగ్‌లో పక్కనే ఆగిన ఇంకో కారులోంచి ఎవరో దాన్ని ఫోన్‌లో వీడియో తీశారు. పదకొండు సెకన్ల ముక్క. తడిసిన కారు, వంగిన రెయిన్ జాకెట్, చీర అంచు, కాగితం మీద వేలు, ఆవిడ గొంతు. ముందు ఆయన అడిగిన ప్రశ్న లేదు, తరవాత ఆవిడ మొహం తిప్పుకోవడమూ లేదు. వేలు బ్యాలెట్‌లో ఎక్కడుందో కనబడదు. కారు పైన ఒక గొడుగు అంచు మాత్రం కనిపిస్తుంది. అది నేనని నాకూ ఆంటీకీ తప్ప ఎవరికీ తెలియదు. కింద రాత: 'కార్ల దగ్గరికొచ్చి మరీ ఎవరికి వెయ్యాలో చెబుతున్నారు. అందరికీ పంపండి.'

బుధవారం పొద్దున్నే అది మా గ్రూప్‌లో పడింది. ఊరూపేరూ లేనివాళ్ళు ఎన్ని అన్నా పోనీ అనుకోవచ్చు. వాళ్ళకు భాష రాదు, ఆవిడెవరో తెలియదు. మావాళ్ళకు రెండూ తెలుసు, అదే కొంప ముంచింది. 'నేను స్పష్టంగా విన్నాను, ఇది నింపండి అంటోంది,' అని ఒకరు. ఒకావిడ ఏకంగా ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పెట్టింది. అందులో 'అన్నయ్యగారూ' కాస్తా 'బ్రదర్' అయి కూర్చుంది. గంట తిరక్కుండానే ఆంటీ తన సొంత అన్న ఓటు తానే వేసిందని బయట ఎక్కడెక్కడో రాసేశారు. పాలవాడినైనా అన్నయ్యా అని పిలిచే జాతి మనది. ఆ సంగతి తర్జుమా చేసినావిడకు తెలియక కాదు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. గోరంత దానికి చిలవలు పలవలు వేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి ఆంటీ ఇంటి ఫోటో, వీధి పేరుతో సహా, తిరగడం మొదలైంది.

చూసినదాన్ని నేను. ఒక్క వాక్యం చాలు. టైప్ చేశాను, చెరిపేశాను. ఇంగ్లీషులో రాశాను, చెరిపేశాను. శ్రీకాంత్ నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు.

"నువ్వు పడకు మధ్యల. రేపు నీ పేరు కూడా పెడతరు. మన అడ్రస్ బయటపడితే? పిల్ల బస్ స్టాప్‌ల ఒక్కతే నిలబడతది."

"మరి ఆంటీ?"

"కౌంటీ ఎలక్షన్ ఆఫీసోళ్ళు చెప్తరు కదా. వాళ్ళ జాబ్ అది."

అతన్ని తప్పుపట్టను. నేను వినాలనుకున్న మాటే అతను అన్నాడు. ఆ మూడు రోజులూ కిటికీ పక్కనుంచి కారు నెమ్మదిగా పోతే చాలు, లేచి వెళ్ళి తొంగిచూసేదాన్ని. ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో ఫోన్ తీసి, నా పేరు ఎక్కడైనా వచ్చిందా అని వెతికేదాన్ని. ఆవిడ పేరు కనిపించినప్పుడల్లా, సిగ్గుతో చెబుతున్నాను, నాది కాదు కదా అని ఊపిరి పీల్చుకునేదాన్ని. శుక్రవారం కౌంటీ ఎన్నికల ఆఫీస్ స్పష్టంగా ప్రకటన ఇచ్చింది. ఇద్దరు ఆఫీసర్లు ఉన్నారు, అంతా నిబంధనల ప్రకారమే జరిగింది అని. దాన్ని మా గ్రూప్‌లో ఎవరూ పంచుకోలేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందని మా నానమ్మ అనేది. ఆ గ్రూప్‌లో నిలకడ అన్నదే లేదు. అప్పటికే అందరికీ అదొక తేలిపోయిన విషయం. ఎవరు తేల్చారంటే ఎవరూ తేల్చలేదు. ఒక్కొక్కరూ మిగతావాళ్ళను చూసి నమ్మారు. నా మౌనాన్ని కూడా చూసే నమ్మి ఉంటారు, నేను ఆవిడతో పనిచేస్తానని వాళ్ళకు తెలుసు కదా.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళాను. పట్టపగలు కిటికీల బ్లైండ్లన్నీ మూసి ఉన్నాయి. ఆవిడ బల్ల దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. నేనూ కూర్చుని తీయడం మొదలుపెట్టాను.

"మీరు గ్రూప్‌ల ఒక్క మాట రాయకపోతిరి ఆంటీ?"

"నేనేం రాయను? చేసినదాన్ని నేను. నేను చెబితే సంజాయిషీ అంటారు."

"నేను రాద్దామనుకున్న..."

"చూశాను."

"ఏం చూసిన్రు?"

"స్వప్న టైపింగ్ అని వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. బుధవారం సాయంత్రం చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను." కాయలోంచి పురుగు తీసి పక్కన పెట్టారు. "భయపడ్డావు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నాకర్థమైందిలే."

తిట్టి ఉంటే బాగుండేది. ఇంకో కాయ తీసుకుని ఈనె తీశాను. ఆవిడే మళ్ళీ మామూలుగా, రేపు చర్చిలో పిల్లల క్లాస్ వేరేవాళ్ళు చెబుతారట, పాస్టర్‌గారు ఫోన్ చేసి "కొన్నాళ్ళే అక్కా, గొడవ సద్దుమణగనివ్వండి," అన్నారని చెప్పారు. ఆ మాట చెబుతూ, ఈనె తీసేసిన కాయనే మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"కౌంటీ పేపర్‌ల మన ఇద్దరి సైన్ ఉన్నది కదా ఆంటీ."

"ఉంది. వాళ్ళకి కాగితం చాలు. వీళ్ళకి కాగితం చాలదు స్వప్నా. తెలిసిన మనిషి చెప్పాలి."

ఆదివారం రాశాను. ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'ఆ రోజు అంతా రూల్స్ ప్రకారమే జరిగిందని నాకు తెలిసింది. దయచేసి కౌంటీ స్టేట్‌మెంట్ చదవండి.' తెలిసింది! ఎవరో చెబితే తెలిసినట్టు. నేను అక్కడ ఉన్నాననే మాట అందులో లేదు. ముగ్గురు బొటనవేలి బొమ్మలు పెట్టారు. రాధిక 'నిప్పు లేనిదే పొగ రాదు కదా, అయినా ఇక వదిలేద్దాం,' అంది. ఆ కిందే ఎవరో మంచి డెంటిస్ట్ ఉంటే చెప్పమన్నారు. ఆంటీ నాకు విడిగా 'థాంక్స్ అమ్మా' అని పంపారు. ఆ రెండు మాటలు ఇప్పటికీ తెరిచి చూసే ధైర్యం నాకు లేదు.

మరుసటి ఏడు కౌంటీవాళ్ళు పిలిచినా ఆవిడ రాలేదు. నేను బతిమాలాను. "నేనుంటే అందరూ నన్నే చూస్తారు, పని చూడరు. ఓడినవాడికి నేనొక సాకు అవుతాను. వద్దు," అన్నారు. తనమీద పడిన బురద గురించి కాదు, ఓడిపోయేవాడి అన్నం గురించే ఆవిడ బెంగ. కొన్నాళ్ళకు ఇల్లు అమ్మేసి ప్లేనో వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే అమ్మాయి చదువు సంగతి అడిగేవారు, పోలింగ్ ఎలా జరిగిందని అడిగేవారు. ఆ వీడియో సంగతి మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోయిన ఎండాకాలం పోయారు. నేను వెళ్ళాను. శవపేటిక పక్కన ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమంటే జంతికల సంగతి చెప్పాను. అసలు చెప్పవలసింది అక్కడా చెప్పలేదు.

నేనిప్పటికీ ఎలక్షన్ ఆఫీసర్‌నే. ఇప్పుడు జిమ్ లోపలికి వచ్చేవాళ్ళ చూపులు మారాయి. మనల్ని చూస్తారు, మన చేతులు చూస్తారు, ఫోన్ తీసి చేతిలో సిద్ధంగా పెట్టుకుంటారు. చూడటం మంచిదే, ఆవిడ కోరింది అదే. కానీ వీళ్ళు పదమూడు గంటలు కూర్చోరు. వాళ్ళకు కావలసింది పదకొండు సెకన్లు. ఏ వేలు ఎక్కడ పెడుతున్నానో అని రోజంతా నా చేతుల్నే చూసుకుంటూ ఉంటాను. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇదెందుకు చేయాలని అడిగితే, వద్దని చెప్పాలనిపించే క్షణాలు ఉన్నాయి. చెప్పను.

ఆ వీడియో చావలేదు. ప్రతి ఎన్నికల కాలంలోనూ లేస్తుంది. ఒకసారి అరిజోనా అన్నారు, ఒకసారి జార్జియా అన్నారు. మొన్న ఆదివారం శ్రీకాంత్ కాలేజీ స్నేహితుల గ్రూప్‌లో వచ్చింది. ఈసారి టెక్సస్‌లో, నిన్ననే జరిగిందట. శ్రీకాంత్ ఫోన్ నా ముందు పెట్టాడు. చనిపోయిన మనిషి వేలు ఆ కాగితం మీద ఇంకా అలాగే ఉంది. ఈసారి నేను చెరపలేదు. అతని ఫోన్‌లోంచే, నా పేరు పెట్టి రాశాను: 'ఇది వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఎప్పుడో తీసింది. ఆ చెయ్యి మేరీ సుగుణగారిది. ఆవిడ ఇప్పుడు లేరు. ఓటు ఎలా నింపాలో అచ్చువేసిన బొమ్మను ఆ పెద్దాయనకు చూపిస్తున్నారు. కారుకు అవతలి పక్క గొడుగు పట్టుకున్నది నేను. మొదటినుంచి చివరిదాకా చూశాను. ఆవిడ ఏ తప్పూ చేయలేదు.'

తరవాత నేనెప్పుడూ కలవని ఒకాయన అడిగాడు. వెటకారం లేదు, మర్యాదగానే అడిగాడు: 'మీరు అక్కడే ఉన్నారు కదండీ, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?'

ఆంటీ నన్ను ఎన్నడూ అడగని ప్రశ్న అది. అమ్మాయి పక్క గదిలో పాటలు వింటోంది. శ్రీకాంత్ నా మొహం చూస్తున్నాడు. 'భయపడ్డాను' అని రాసి పంపించాను.